సగం మంది లేచిపోయే సినిమా వేస్తున్నాం, ముందే ఏమైనా చెప్పాలా?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మేం ఎనిమిది మందిమి కలిసి నెలకో ఆదివారం ఒక చిన్న హాల్లో సినిమా వేస్తుంటాం. ప్రొజెక్టరూ తెరా మావే, కుర్చీలు షామియానా షాపు నుంచి అద్దెకు తెస్తాం. ముప్పై నలభై మంది వస్తారు. రిటైరైన మాస్టార్లు, డిగ్రీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు, ఆ వీధి ఆడవాళ్లు కొందరు. వచ్చే నెల సినిమా ఎంచుకునే వంతు నాది. టెరెన్స్ మాలిక్ తీసిన ‘ద ట్రీ ఆఫ్ లైఫ్’ వేద్దామని నా కోరిక. ప్రదర్శన హక్కుల సంగతి మా మిత్రుడొకరు చూస్తున్నారు, దాని గురించి కాదు నేనడిగేది. జనం గురించి.

2011లో ఈ సినిమా వచ్చినప్పుడు నేను టెక్సస్‌లో, ఆస్టిన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఆ వేసవికి అమ్మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. ఆ ఏడాది అక్కడ ఎండలు మామూలువి కావు, చినుకన్నది లేదు. పొద్దున్నే వాకింగుకి వెళ్లొచ్చాక ఇక రాత్రి దాకా ఇంట్లోనే. ఒక శనివారం మధ్యాహ్నం నాన్నగారిని సినిమాకి తీసుకెళ్లాను. అమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు. ఆ సినిమాయే ఎందుకంటే, చాలాభాగం మాకు ముప్పావుగంట దూరంలో ఉన్న స్మిత్‌విల్ అనే చిన్న ఊళ్లో తీశారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. మేలో ఫ్రాన్స్‌లోని కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదటిసారి వేసినప్పుడు కొందరు గోల చేశారనీ, కొందరు చప్పట్లు కొట్టారనీ, చివరికి పెద్ద బహుమతి పామ్ దోర్ దానికే వచ్చిందనీ అప్పటికే చదివాను.

హాల్లో ఒక ముప్పై మంది ఉంటారేమో. కొడుకు చనిపోయాడని తల్లికి కబురొస్తుంది. ఆవిడ దుఃఖం ఇంకా మన గుండెల్లో ఉండగానే కథ ఆగిపోతుంది. నక్షత్రాలు పుడతాయి, నిప్పు, నీరు, కణాలు, సముద్రం, రాక్షసబల్లులు. పావుగంటకు పైగా మనిషి జాడ ఉండదు. మా ముందు వరసలో నలుగురు ఒకేసారి లేచారు. తర్వాత పక్కనుంచి ఇద్దరు. ఒకాయన తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగి తెరవైపు ఓసారి చూసి వెళ్లిపోయాడు. నాకు నాన్నగారి గురించి టెన్షన్ మొదలైంది. ఆయనకి ఇంగ్లీషు సినిమాలు అలవాటు లేదు. ‘వెళ్దామా నాన్నా?’ అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపారు, అంతే.

ఇక్కడ నాన్నగారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన కోనసీమలో ముప్పై ఏళ్లకు పైగా టెలిగ్రాములు పంచారు. సైకిలు మీద, వానలో, వరదలో. ఆ రోజుల్లో పల్లెటూళ్లో టెలిగ్రాం అంటే చావు కబురే అనుకునేవారు. చాలా ఇళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఉండరు, వచ్చినా ఇంగ్లీషు రాదు. కవరు చింపి చదివి చెప్పాల్సింది తెచ్చినాయనే.

సినిమాలో ఆ తల్లి తలుపు దగ్గర టెలిగ్రాం అందుకుంటుంది. తెచ్చినతను వెళ్లిపోతాడు. ఆవిడ కవరు తెరుస్తూ ఇంట్లోకి నడుస్తుంది. చదువుతుంది. కాళ్లు పట్టుతప్పుతాయి, ఏడుపు గొంతులోంచి సగం బయటికి వచ్చేలోపే షాట్ మారిపోయి విమానం ఇంజిన్ హోరు. తండ్రి అక్కడ ఫోన్ పట్టుకుని ఏమీ వినపడక అవస్థ పడుతుంటాడు.

కార్లో కూర్చున్నాక నాన్నగారు అన్నారు: ‘ఆవిడకి చదువొచ్చురా. అందుకే ఒక్కతే చదువుకుంది. మన దగ్గరైతే నేను చదివేవాణ్ణి. చదివేముందు ఇంట్లో ఇంకెవరున్నారమ్మా అని అడిగేవాణ్ణి. పక్కింటి వాళ్లని పిలిపించేవాణ్ణి. మంచినీళ్లు అడిగేవాణ్ణి, నాకోసం కాదు. అప్పుడు చెప్పేవాణ్ణి. ఆ కుర్రాడు అలా ఇచ్చేసి వెళ్లిపోయాడేంటి?’

139 నిమిషాల సినిమాలో ఆయనకి మాటలు పదో వంతు కూడా అర్థమై ఉండవు. అయినా చివరిదాకా కూర్చున్నారు. ఆ సినిమాలో దోమల మందు బండి వీధిలో పొగ వదులుకుంటూ పోతుంటే పిల్లలు ఆ తెల్లటి పొగలో గంతులేస్తూ వెనకాల పరిగెడతారు. అప్పుడు పైకే నవ్వారు. నేనూ తమ్ముడూ మలేరియా బండి వెనకాల అలాగే పరిగెత్తి తన్నులు తిన్నాం మరి.

2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. నాన్నగారు పోయి వచ్చే కార్తీకానికి రెండేళ్లు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అప్పట్లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్‌లోని ఎవాన్ థియేటర్ వాళ్లు టికెట్ల దగ్గర ఒక నోటీసు పెట్టారు. ఇది మామూలు వరసలో కథ చెప్పే సినిమా కాదు, తాత్వికమైనది, కాస్త తెలుసుకుని లోపలికి రండి, డబ్బులు వాపసు ఇవ్వం అని. మాలో ఒకరు అలాంటిదే మనమూ చదువుదాం అంటున్నారు. ఇంకొకరు, ముందే భయపెడితే వచ్చేవాళ్లు కూడా రారు, ఏమీ చెప్పకుండా వేసేద్దాం అంటున్నారు. నాన్నగారికి నేనేమీ చెప్పకుండానే తీసుకెళ్లాను. కానీ ఆయనకున్న దారి అందరికీ ఉండదు కదా. మీరైతే ఏం చేస్తారు? ఇంటర్వెల్ ఇవ్వాలా? 2018లో వచ్చిన 188 నిమిషాల వెర్షన్ వేయాలా, పాతదేనా?

మలక్‌పేట:

అన్నా, నేను లేచిపోయిన బ్యాచ్‌లో ఉన్న. అదే 2011, డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు. నలుగురు రూమ్మేట్లం, కారు ఒక్కటే, అది కూడా నాది కాదు. పోస్టర్ మీద తండ్రి వేషం వేసిన బ్రాడ్ పిట్, చేతిలో చంటిపిల్ల పాదం. వారమంతా అసైన్‌మెంట్లు రాసి శుక్రవారం రాత్రి మంచి ఫ్యామిలీ సినిమా చూద్దామని పోయినం. రాక్షసబల్లి నది ఒడ్డున పడి ఉన్న ఇంకో దాని తల మీద కాలు పెట్టి, కాసేపు చూసి, కాలు తీసి వెళ్లిపోయే సీన్ ఉంటది కదా, అక్కడ కారు ఓనర్ లేచిండు. నాకు కూర్చోవాలని ఉన్నా చేసేదేం లేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, లేచిపోయిన వాళ్లకి బుర్ర లేదనే మాట మీ హాల్లో ఎవరి నోటా రానివ్వొద్దు. మాకు అమ్మింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. టికెట్ డబ్బులు ఆ రోజుల్లో మాకు రెండు పూటల భోజనం. తిట్టుకుంటూ బయటికి రావడం మా హక్కు.

మూడేళ్ల తర్వాత ఒంటరిగా మొత్తం చూసిన. పిల్లల భాగం నన్ను పట్టేసింది. తలుపు చప్పుడు చేయకుండా వెయ్యమని కొడుకుతో తండ్రి మళ్లీ మళ్లీ వేయిస్తడు చూడండి, మా బాపుకి చెప్పుల వరస మీద అంతే పట్టింపు. గుమ్మం ముందు చెప్పులు అటు ఇటు ఉంటే లోపలికి రానిచ్చేటోడు కాదు. ఆ పిల్లోడి కళ్లల్లో తండ్రి మీద పెరుగుతున్న కోపం అంత దగ్గరగా నేను ఇంకే సినిమాలో చూడలేదు. కానీ ఒక మాట ఖచ్చితంగా చెప్తా. పెద్దోడైన కొడుకుగా షాన్ పెన్ చేసిన భాగం మాత్రం నాకు ఎక్కలేదు. అద్దాల మేడల మధ్య ఆయన నడుస్తనే ఉంటడు. చివర్లో సముద్రం ఒడ్డున అందరూ కలుసుకోవడం చూస్తుంటే ఇన్సూరెన్స్ ప్రకటన గుర్తొచ్చింది. షాన్ పెన్ కూడా ఒక ఫ్రెంచ్ పత్రికతో, స్క్రిప్టులో చదివిన భావోద్వేగం తెర మీద తనకు కనిపించలేదనీ, కథ ఇంకొంచెం మామూలుగా చెబితే బాగుండేదనీ అన్నడు. నటించిన మనిషికే అట్ల అనిపించినప్పుడు మీ హాల్లో వాళ్లకి అనిపిస్తే తప్పేముంది?

నా సలహా: నోటీసు వద్దు, నిజం చెప్పండి. ఎంతసేపు, కథ వరసగా ఉండదు, మధ్యలో బయటికి పోయి టీ తాగి రావచ్చు, ఎవరూ ఏమనుకోరు. తలుపు తెరిచే ఉంటదని తెలిస్తే మనిషి ఇంకొంచెం సేపు కూర్చుంటడు. మాకు ఆ రోజు ఎవరన్నా ఇంత చెప్పి ఉంటే రెండు కార్లల్ల పోయేటోళ్లం.

పాపికొండలు99:

మనవాళ్లకి ఇలాంటివి ఎక్కవు సార్. ఆదివారం పూట ఇంట్లోంచి వచ్చేదే కాస్త రిలాక్స్ అవుదామని. మంచి పాత తెలుగు సినిమా వేయండి, హాలు నిండుతుంది.

గోదారి గట్టు:

@పాపికొండలు99 పాతవీ వేస్తున్నామండి, హాలు నిండుతోంది, సంతోషమే. కానీ ‘మనవాళ్లకి ఎక్కవు’ అనే మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి నా పక్కన కూర్చుని నేను చూడనిది చూశారు. టెలిగ్రాం ఇచ్చినతను ఆగకుండా వెళ్లిపోయాడని నాకు తట్టనే లేదు. ఎవరికి ఏది ఎక్కుతుందో వేసి చూడకుండా మనమెలా చెప్పగలం?

@మలక్‌పేట మీ మాట నాకు చాలా ఉపయోగపడింది. తలుపు తెరిచే ఉంటుందని చెప్తాను.

రీలు పెట్టె:

నమస్తే. నేను తెనాలి చుట్టుపక్కల హాళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు ఆపరేటర్‌గా చేశాను. ప్రొజెక్టర్లో కార్బన్ కడ్డీలు వెలిగించే కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా. మీ ప్రశ్న చదివి మనవడి లాప్‌టాప్‌లో ఈ సినిమా రెండు రాత్రులు చూశాను. పనికొచ్చేవి నాలుగు మాటలు చెప్తాను.

తలుపు తెరిచే ఉంచుతామంటున్నారు, అది మాటవరసకే ఉండనివ్వండి, నిజంగా తెరిచి ఉంచకండి. ఈ సినిమాలో చీకటి ఎక్కువ. మొదట్లోనే నల్లటి తెర మీద ఒక ఎర్రటి వెలుగు ఊపిరి పీల్చినట్టు కదులుతుంది. పగటి పూట ఆట వేస్తే, ఒక మనిషి తలుపు తీసుకుని వెళ్లిన ప్రతిసారీ బయట వెలుతురు తెర మీద పడి నలుపంతా బూడిద రంగైపోతుంది. కూర్చున్నవాళ్ల చూపు తలుపు మీదికి పోతుంది. ఒకరు లేస్తే నలుగురు లేచేది అందుకే. కేబిన్ కిటికీలోంచి ఇన్నేళ్లు చూసినవాణ్ణి. తలుపుకి లోపలివైపు దట్టమైన దుప్పటిలాంటి కర్టెన్లు రెండు, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఉంచి కట్టండి. ఒకటి దాటి వెనక్కి వదిలాకే రెండోది తీయాలి. అప్పుడు వెళ్లేవాళ్లు వెళ్తారు, ఉండేవాళ్లకి ఇబ్బంది ఉండదు.

సౌండు. ఇందులో సగం మాటలు గుసగుసలు. వాటికోసం వాల్యూమ్ పెంచితే సృష్టి వచ్చే చోట ఆ కోరస్ పాటకి చిన్న హాల్లో బాక్సులు పగులుతాయి. ముందురోజే ఆ రెండు చోట్లా వేసి చూసుకుని, పెద్ద చప్పుడుకి సరిపెట్టండి. గుసగుసలకి సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా.

ఇంటర్వెల్ అయితే ఇవ్వకండి అంటాను. రెండుంపావు గంటలు మనవాళ్లు కూర్చోగలరు, మూడు గంటలు కూర్చున్న జాతి మనది. తప్పదంటే సృష్టి ఘట్టంలో మాత్రం వద్దు. ఆ టైములో లైట్లు వేస్తే తిరిగి లోపలికి ఎవరూ రారు. తండ్రి పనిమీద ఊరెళ్తాడు, పిల్లలు తల్లితో కలిసి ఇల్లంతా పరుగులు పెడతారు. ఆ సంబరం అయ్యాక ఇవ్వండి. అందరూ మంచి మూడ్‌లో ఉంటారు.

ఇంకొకటి. ఈ సినిమా గురించి వెతుకుతుంటే మనవడు ఒక వార్త చూపించాడు. ఇటలీలో బొలోన్యా అనే ఊళ్లో మొదటి రెండు రీళ్లు తారుమారై, అలాగే రోజుల తరబడి ఆడిందట. చూసినవాళ్లు ఇదీ దర్శకుడి పద్ధతే అనుకున్నారట. చాలామంది దీన్ని సినిమా మీద విమర్శగా చెప్పుకుంటున్నారని వాడన్నాడు. నాకు మాత్రం ఆ ఆపరేటర్ మీద బాధ కలిగింది. రీలు పెట్టెలో పెట్టేటప్పుడు తోక బయటికుందా తల బయటికుందా, నంబరెంత అని చూసుకోవడం మా మొదటి పాఠం. ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడేటప్పుడు రీళ్లు సైకిలు మీద పరిగెత్తించేవాళ్లం. అంత హడావుడిలోనూ నేను ఒక్కసారే తప్పు చేశాను. అయిదు నిమిషాలు తిరక్కుండా నేల టికెట్ల నుంచి కేకలు. ఆ రోజు నాకు కోపం వచ్చింది గానీ, వాళ్లు కళ్లు తెరుచుకుని చూస్తున్నారు కాబట్టే కేక వేశారని తర్వాత అర్థమైంది. మీ హాల్లో ఎవరైనా ‘ఇదేంటి?’ అని పైకి అడిగితే ఊరుకోబెట్టకండి.

ఫోకస్ పుల్లర్:

వెర్షన్ గురించి: పాత 139 నిమిషాలదే వేయండి. 188 నిమిషాలది క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్లు తెచ్చింది, బాగానే ఉంటుంది, పిల్లల భాగం ఇంకా విస్తరిస్తుంది, కానీ అది ఈ సినిమాని ముందే ప్రేమించినవాళ్ల కోసం.

డిగ్రీ పిల్లలు వస్తారన్నారు కాబట్టి ఒక్క సంగతి వాళ్లకి చెప్పండి. ఆ సృష్టి భాగంలో వాళ్లు చూసేదంతా కంప్యూటర్ బొమ్మ కాదు. డగ్లస్ ట్రంబుల్ అని 1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి పనిచేసిన పెద్దాయన సలహాతో చాలావరకు రసాయనాలు, రంగులు, పొగ, నీళ్ల తొట్లు, తిరిగే పళ్లేలతో, హైస్పీడ్ కెమెరాలతో తీశారు. తొట్టిలో పడిన రంగు చుక్క తెర మీద గెలాక్సీ అయింది. నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చిన్న పని చేస్తుంటాను. గ్రాఫిక్స్ కోసం కట్టే గ్రీన్ మ్యాట్ ముందు రోజంతా నిలబడి ఇంటికొచ్చిన రోజుల్లో ఆ పావుగంట పెట్టుకుని చూస్తాను, చేతులతో చేసిన పని కాబట్టి.

ఇంటి లోపలి సీన్లలో కెమెరామన్ ఇమ్మాన్యుయెల్ లుబెజ్కీ దాదాపు కిటికీ వెలుతురు మీదే ఆధారపడ్డాడు. ఎండ ఎటుంటే పిల్లలూ కెమెరా అటు. సీతాకోకచిలుక తల్లి చేతి మీద వాలుతుంది చూడండి, అది అనుకోకుండా జరిగింది. పరిగెత్తి పట్టుకున్నారు. ఈ ఒక్క ముక్క చాలు, ఎక్కువ చెప్పకండి.

జొన్నపొత్తు:

గోదారి గట్టు గారూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయానండి.

మాది గుంటూరు దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు కరెంటు పోతే నాయనమ్మ లాంతరు దగ్గర బైబిల్లోని యోబు గ్రంథం పైకి చదివించేది. ఈ సినిమా మొదలయ్యేది అందులోని మాటతోనే. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు అని దేవుడు యోబును అడుగుతాడు. చాలామంది ఆ అక్షరాలు కనబడుతుండగా ఇంకా కుర్చీ వెతుక్కుంటూ ఉంటారు. సినిమా తాళం చెవి మాత్రం అక్కడే ఉంది.

యోబు పిల్లలందర్నీ పోగొట్టుకుంటాడు. ఎందుకు నాకిలా చేశావని అడుగుతాడు. స్నేహితులొచ్చి కారణాలు చెప్తారు, నువ్వేదో పాపం చేసుంటావని. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. కానీ కారణం చెప్పడు! సముద్రానికి తలుపులు ఎవరు వేశారు, మంచు ఎక్కడ దాచాను, సింహానికి ఆహారం ఎవరు పెడతారు అంటూ లోకమంతా చూపిస్తాడు. నీటిగుర్రం, మకరం లాంటి పెద్ద పెద్ద జంతువుల దాకా వెళ్తాడు. నాయనమ్మని ఒకసారి అడిగాను, ‘పిల్లలు పోయినోడికి మొసలి గురించి చెప్తాడేంటి నాయనమ్మా?’ అని. ఆవిడ కడుపున పుట్టినవాళ్లలో ఇద్దరు పసితనంలోనే పోయారు. ‘మనుషులొచ్చి కారణాలు చెప్తుంటే వినలేకపోయానమ్మా, ఇదైతే వినగలిగాను’ అంది.

సినిమాలో ఆ తల్లికి కూడా ఇరుగుపొరుగు ఓదార్పులు చెప్తారు. ఇంకా ఇద్దరు పిల్లలున్నారుగా అని కూడా అంటారు. అప్పుడావిడ పైకి చూసి నువ్వెక్కడున్నావు అని అడుగుతుంది. అడిగిన వెంటనే నక్షత్రాలు మొదలవుతాయి. అంటే జనం లేచిపోయే ఆ పావుగంట కథ ఆగిపోయి వచ్చింది కాదు. ఆవిడ అడిగినదానికి వచ్చిన జవాబది. ఆ జవాబు చాలలేదని ఎవరికైనా అనిపించొచ్చు. మలక్‌పేట గారికి సముద్రం ఒడ్డు నచ్చకపోవడం కూడా నాకు అర్థమవుతుంది, నాకూ అక్కడ కాస్త తీపి ఎక్కువైందనిపించింది.

నన్నడిగితే ఆ బైబిల్ వాక్యం చదవకండి. మతం సినిమా అనుకుని కొందరు అక్కడే మూసుకుపోతారు. ‘తల్లి ఒక ప్రశ్న అడుగుతుంది, ఆ వెంటనే వచ్చేదంతా దానికి జవాబు’ అని ఒక్క ముక్క చెప్పండి. ఇంకా వీలైతే మీ నాన్నగారి సంగతి చెప్పండి. నాకు తెలిసి దానికి మించిన పరిచయం ఎవరూ రాయలేరు.

గోదారి గట్టు:

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. నిన్న సినిమా వేశాం. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

ముప్పై నాలుగు మంది వచ్చారు. ఇంటర్వెల్ ఇవ్వలేదు. కర్టెన్ల ఏర్పాటు రీలు పెట్టె గారు చెప్పినట్టే చేశాం, ఇంట్లో పాత రగ్గులు రెండు కుట్టించి కట్టాను. చాలా బాగా పనిచేసింది. ఎవరెప్పుడు వెళ్లారో కూర్చున్నవాళ్లకి తెలియలేదు, వెనక నిలబడ్డ నాకు తప్ప.

ముందు రెండు నిమిషాలు మాట్లాడాను. ఎంతసేపు సినిమానో, కథ వరసలో ఉండదని, బయట టీ ఉందని చెప్పాను. తల్లి ప్రశ్న గురించి చెప్పాను. నాన్నగారి సంగతి చెబుదామని నోరు తెరిచి చెప్పలేకపోయాను. ముందు వరసలో అమ్మ ఉంది.

పదకొండు మంది వెళ్లిపోయారు. నేననుకున్న చోట కాదు. సృష్టి భాగంలో లేచింది ఇద్దరే. డిగ్రీ పిల్లలైతే ముందుకు వంగి మరీ చూశారు, రంగుల తొట్టి సంగతి చెప్పినందుకేమో. మిగతా తొమ్మిది మంది ఆ తర్వాత, తండ్రి భోజనాల బల్ల దగ్గర పిల్లల మీద విరుచుకుపడే సీన్ల నుంచి వెళ్లారు. వాళ్లలో ఒక మాస్టారు టీ దగ్గర కనిపిస్తే పలకరించాను. ‘బాగా లేక కాదోయ్, మా ఇల్లు చూసినట్టుంది’ అన్నారు. మళ్లీ లోపలికి రాలేదు. నేనూ అడగలేదు.

ఒక విషయంలో నేను పొరపాటు పడ్డాను. సబ్‌టైటిల్స్ చదవడంలో పడి పెద్దవాళ్లు కొందరు బొమ్మ చూడలేదు. ఇంకోసారి వేస్తే ఆ గుసగుసల సారాంశం తెలుగులో ముందే ఒక కాగితం మీద ఇచ్చి, సబ్‌టైటిల్స్ తీసేస్తాను.

దోమల మందు బండి వచ్చినప్పుడు హాలు హాలంతా నవ్వింది.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మ కాళ్లకి నూనె రాస్తూ, ఆ రోజు కార్లో నాన్నగారు అన్న మాట మొదటిసారి చెప్పాను. ఆవిడకి ఆయన ఎప్పుడూ చెప్పలేదట. కాసేపు ఊరుకుని, ‘చెప్పక్కర్లేదురా, నాకు తెలిసేది’ అంది. ‘అలాంటి టెలిగ్రాం చదివొచ్చిన రోజు సైకిలు గోడకి ఆనించి, ఇంట్లోకి రాకుండా నేరుగా నూతి దగ్గరికి వెళ్లిపోయేవారు. బెల్లు వినపడి మనిషి లోపలికి రాలేదంటే నేను లేచి నీళ్లు తోడేదాన్ని.’